మన సముద్రానికి ఆవలి ఒడ్డు

మైపాడులో అలలది మట్టి రంగు. అదే బంగాళాఖాతం అండమాన్‌లో అద్దంలా ఉంటుంది. ఆ అద్దం కింద ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి.. పగడాల ఊళ్లు! ఒక్కరోజులో చూసి రాగలిగే ఆ ఊరి పేరు జాలీబాయ్.

నెల్లూరు దాటి చెన్నై దారి పట్టినవారికి వెంకటాచలం టోల్‌గేటు బాగా తెలిసిన గుర్తు. అక్కడి నుంచి తూర్పుగా సుమారు పాతిక కిలోమీటర్లు వెళితే కృష్ణపట్నం రేవు, ఆ వెనకే సముద్రం. ఈ ప్రాంతం పిల్లలకు సముద్రం కొత్తేం కాదు. కార్తీకమాసం వస్తే వనభోజనాలకు, ఎండలు ముదిరితే చల్లగాలికి మైపాడు వెళ్లి రావడం చాలా ఇళ్లలో అలవాటే. కానీ క్యాలెండర్ బొమ్మల్లో కనిపించే నీలి సముద్రానికీ, మైపాడులో కాళ్లు తడిపే సముద్రానికీ పోలికే ఉండదు. బొమ్మలో నీళ్ల అడుగున ఇసుక రేణువులు కూడా కనిపిస్తాయి. ఇక్కడ మోకాలి లోతుకు దిగితే సొంత పాదాలే కనిపించవు. 'మన సముద్రం అలా ఎందుకు లేదు?' అని పిల్లలు అడిగితే పెద్దవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు.

ఆ ప్రశ్నకు జవాబు ఇదే సముద్రానికి ఆవలి ఒడ్డున దొరుకుతుంది. చెన్నైకి తూర్పున 1,300 కిలోమీటర్లకు పైగా దూరంలో అండమాన్ దీవులున్నాయి. తిరుపతి, ఊటీ, కొడైకెనాల్ అంటూ సాగే మన సెలవుల జాబితాలో కొన్నేళ్లుగా ఈ పేరు కూడా చేరింది. వెంకటాచలంలో తెల్లవారుజామున బయల్దేరితే మూడు, నాలుగు గంటల్లో చెన్నై విమానాశ్రయం. అక్కడ విమానమెక్కితే రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. పొద్దున్న ఇడ్లీ ఇక్కడ తిన్నవాళ్లు సాయంత్రం టీ అండమాన్‌లో తాగొచ్చు!

ఒకప్పుడు కాలాపానీ

ఈ నీళ్లు దాటడమంటే వందేళ్ల కిందట శిక్ష. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న ఆశ ఉండేది కాదు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచి పట్టుబడిన రంప వీరుల్లో కొందరిని కూడా అండమాన్‌కే పంపారు. పోర్ట్‌బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలు ఆ కథలన్నిటికీ సాక్షి. 2024 సెప్టెంబరులో ఈ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చారు. జనం నోట మాత్రం ఇంకా పాత పేరే ఎక్కువగా నలుగుతోంది.

ఇక్కడ మనవాళ్లు పరాయివాళ్లేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరాంధ్ర తీరం నుంచి మత్స్యకార కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ తరవాత కూలి పనులకు, వ్యాపారాలకు, ఉద్యోగాలకు మరికొందరు వచ్చారు. జంగ్లీఘాట్ చేపల రేవు వైపు వెళితే వలలు సర్దుకునేవాళ్ల మధ్య శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. హిందీ రాదని బెంగపడే అమ్మమ్మలు కూడా నిశ్చింతగా బేరమాడుకోవచ్చు.

పాత ఇరవై రూపాయల నోటు ఎక్కడైనా దాచుకుని ఉంటే వెంట తీసుకెళ్లండి. దాని వెనక కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్ ఉన్న బొమ్మ గుర్తుందా? పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురుగా కనిపించే నార్త్‌బే దృశ్యమే అది. పిల్లలకు నోటునూ, కొండనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ సరదాయే వేరు.

రేవు దగ్గర సోదా

పగడాలు చూడటానికి అండమాన్‌లో చాలా చోట్లున్నాయి. వాటిలో జాలీబాయ్ తీరు వేరు. పోర్ట్‌బ్లెయిర్‌కు పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వండూర్ అనే చిన్న ఊరుంది. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ జాతీయ సముద్ర పార్కుకు వాకిలి ఇదే. విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో పదిహేను దీవులు. యాత్రికులను అనుమతించేది మాత్రం రెండింటికే.. జాలీబాయ్, రెడ్‌స్కిన్. ఆ రెండూ కూడా ఒకేసారి తెరవరు. చలికాలం నుంచి వేసవి దాకా జాలీబాయ్, వానాకాలంలో రెడ్‌స్కిన్. ఒకదానికి పని ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. దీవులకూ సెలవులివ్వడమన్నమాట!

పడవ ఎక్కే ముందే సంచులు తెరిచి చూపించాలి. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, వాడి పారేసే నీళ్ల సీసాలు.. ఏవీ దీవికి వెళ్లకూడదు. ఇంటి నుంచి స్టీలు సీసాలో నీళ్లు, టిఫిన్ క్యారియర్‌లో పులిహోర తెచ్చుకున్నవాళ్లు దర్జాగా ముందుకెళతారు. పొద్దున్నే హడావుడిగా బిస్కెట్ ప్యాకెట్లు కొనుక్కొచ్చినవాళ్లు మాత్రం వాటిని విప్పి డబ్బాల్లో పోసుకోవాలి, లేదంటే అక్కడే వదిలేయాలి. ఇంత చిన్నదానికి అంత పట్టింపా అని మొదట విసుక్కునేవాళ్లుంటారు. దీవి చూశాక ఆ మాట మళ్లీ అనరు. ఇసుకలో ఒక్క కాగితం ముక్క కనిపించదు. వనభోజనాలు ముగిసిన మర్నాడు మన బీచ్‌లు ఎలా ఉంటాయో ఆ క్షణంలో గుర్తుకు రాక మానదు.

జాలీబాయ్‌లో ఊరు లేదు, హోటల్ లేదు, టీ కొట్టు లేదు. రాత్రి ఉండనివ్వరు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగి రావాల్సిందే. ఉన్నది కాసిని చెట్లు, తెల్లటి ఇసుక, చుట్టూ నీళ్లు. అంతే.

మడ అడవుల మధ్య

వండూర్ నుంచి జాలీబాయ్‌కి పడవలో సుమారు గంట ప్రయాణం. దీవుల మధ్య ఇరుకైన పాయల్లోంచి పడవ సాగుతుంది. రెండు వైపులా మడ చెట్లు. నీళ్లలో వేళ్లు పాతుకుని గుంపుగా నిలబడిన ఈ చెట్లు నెల్లూరు తీరంలోని పాయల వెంబడి కనిపించేవే. ఇక్కడ మాత్రం దట్టంగా, గోడ కట్టినట్టుగా ఉంటాయి.

చూడటానికి మామూలు పొదల్లా ఉన్నా ఇవి చేసే పని చాలా పెద్దది. వాన పడినప్పుడు కొండల మీది నుంచి కొట్టుకొచ్చే మట్టిని ఈ వేళ్లే పట్టి ఆపుతాయి. వంటింట్లో టీ వడగట్టినట్టు నీటిని వడగట్టి సముద్రంలోకి వదులుతాయి. అందుకే పాయ దాటి బయటికి రాగానే నీటి రంగు మారిపోతుంది. ముందు ఆకుపచ్చ, ఆ వెంటనే లేత నీలం, దీవి దగ్గరపడేసరికి ఏ రంగూ లేదు. పడవ నీడ సముద్రపు అడుగున పాకుతూ కనిపిస్తుంది. అంతవరకూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు కూడా పడవ అంచుకు చేరేది ఇక్కడే.

ఈ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. వండూర్ తీరంలో ఆ సంగతి చెప్పే హెచ్చరిక బోర్డులుంటాయి. సిబ్బంది వద్దన్నచోట నీళ్లలోకి దిగకపోవడమే మంచిది.

అద్దం కింద ఊరు

దీవి చుట్టూ నీళ్లు లోతు తక్కువ. అందుకే పెద్ద పడవ దూరంగా ఆగుతుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఆ చిన్న పడవల అడుగున అద్దం బిగించి ఉంటుంది. ఈత రాని అమ్మలు, మోకాళ్ల నొప్పుల తాతయ్యలు కూడా కూర్చున్నచోటు నుంచి కదలకుండా సముద్రం అడుగు చూసేయొచ్చు.

మొదట ఇసుక. ఆ తరవాత అక్కడక్కడా రాళ్లు. ఇంకాస్త ముందుకెళ్లాక ఆ రాళ్లు రాళ్లు కావని తెలుస్తుంది. ఒకటి మెదడులా ముడతలు పడి ఉంటుంది. ఇంకొకటి జింక కొమ్ముల్లా కొమ్మలేసి ఉంటుంది. మరొకటి బోర్లించిన గొడుగులా, ఇంకోటి విచ్చుకున్న క్యాబేజీలా.. అన్నీ పగడాలే. వాటి సందుల్లోంచి పసుపు, నలుపు చారల సీతాకోక చేపలు గుంపులుగా వచ్చి పోతుంటాయి. గడ్డిలా ఊగుతున్న ఎనిమోన్ మధ్యలో నారింజ రంగు చేప దోబూచులాడుతుంటే 'నీమో.. నీమో' అని పిల్లలు కేకలు పెడతారు. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో సినిమా పుణ్యమా అని ఈ చేపను గుర్తుపట్టని పిల్లలు లేరు. ఎనిమోన్ చేతులకు విషముంటుంది. మిగతా చేపలు దాని జోలికి పోవు. ఈ బుల్లి చేపకు మాత్రం అదే ఇల్లు.

చిలుక చేప సంగతి మరీ విచిత్రం. చిలుక ముక్కులాంటి నోటితో పగడపు రాతిని కొరికి, దాని మీది నాచు తింటుంది. కొరికిన రాయి కడుపులో పొడై ఇసుకగా బయటికొస్తుంది. పెద్ద చేపలైతే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారు చేస్తాయి. పగడపు దీవుల్లో పిల్లలు గూళ్లు కట్టుకునే తెల్లటి ఇసుకలో కొంత ఇలా వచ్చిందే!

తాత కట్టిన ఇల్లు, మనవడు వేసిన మేడ

బడి పుస్తకాల్లో వీటిని 'ప్రవాళ భిత్తికలు' అని చదువుకున్నవాళ్లలో చాలామందికి పగడం రాయా, మొక్కా, ప్రాణా అన్నది తేలని సందేహమే. పగడం ప్రాణి. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే ఉండే మెత్తటి జీవి. నీటిలోని సున్నాన్ని తీసుకుని తన చుట్టూ గిన్నెలాంటి ఇల్లు కట్టుకుంటుంది. పక్కనే దాని పిల్ల ఇంకో ఇల్లు కట్టుకుంటుంది. పాతవి పోతే వాటి ఇళ్ల మీదే కొత్తవి కట్టుకుంటాయి. తాత కట్టిన ఇంటి మీద మనవడు మేడ వేసినట్టు వేల ఏళ్లు సాగితే అది దిబ్బ అవుతుంది. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఇలాగే 2,300 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది.

పని మాత్రం నత్తనడకే. కొమ్మల పగడాలు కాస్త త్వరగా పెరుగుతాయి. గుండ్రటి బండలాంటి పగడాలు ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే నడుమెత్తు పగడపు బండ కనిపించిందంటే దాని వయసు పడవలో కూర్చున్న తాతయ్య వయసుకన్నా ఎక్కువే కావొచ్చు.

సముద్రాల అడుగు భాగంలో పగడపు దిబ్బలున్నది ఒక్క శాతం మేర కూడా కాదు. కానీ సముద్రంలోని జీవజాతుల్లో పాతిక శాతం దాకా ఏదో ఒక దశలో వీటి నీడన బతుకుతాయి. ఒడ్డుకు కాపలా కూడా ఇవే. తీరానికి వచ్చే అలల శక్తిలో సగటున 97 శాతాన్ని దిబ్బలే మింగేస్తాయని 2014లో వెలువడిన ఓ అధ్యయనం లెక్కగట్టింది.

ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వీటికి దూరపు చుట్టం. కుజదోషం పోవాలని కొనే ఆ పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే రాతి గుహల్లో పెరుగుతుంది. జాలీబాయ్‌లో దాని కోసం వెతకడం దండగ.

రంగులేవీ?

అద్దంలోంచి చూసినవాళ్లలో కొందరు కాస్త నిరుత్సాహపడతారు. ఫొటోల్లో ఎరుపు, ఊదా, గులాబీ రంగుల్లో మెరిసిన పగడాలు ఇక్కడ చాలావరకూ గోధుమ రంగులోనో, పాచి రంగులోనో ఉంటాయి. మోసపోయామేమో అనిపిస్తుంది. నిజానికి ఫొటోలు తీసేవాళ్లు నీళ్లలోకి బలమైన లైట్లు తీసుకెళతారు. లోతుకు వెళ్లేకొద్దీ ఎరుపు రంగును నీళ్లు ముందుగా తాగేస్తాయి. లైటు వేస్తేనే అది మళ్లీ కనిపిస్తుంది.

గోధుమ రంగుకు ఇంకో కారణముంది. అసలు తెలుసుకోవాల్సింది అదే. పగడం ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. పగడం దానికి చోటిస్తుంది. నాచు ఎండను పట్టుకుని ఆహారం వండి, అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలా అద్దె రూపంలో వచ్చేదే. ఆ నాచు రంగే మనకు గోధుమ రంగుగా కనిపిస్తుంది. అంటే గోధుమ రంగులో ఉన్న పగడం కడుపు నిండిన పగడం.

మరి ఎక్కడైనా పగడం పాలలా తెల్లగా మెరిసిపోతుంటే? పడవలో అందరూ 'ఎంత బావుందో' అని అటే కెమెరా తిప్పుతారు. కానీ అది జబ్బు పడిన పగడం. నీటి వేడి మామూలు వేసవికన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడానికీ నాచుకూ పొత్తు చెడుతుంది. నాచు బయటికి పోతుంది. లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే నాచు మళ్లీ చేరి పగడం కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. ఆ తరవాత దాని మీద పాచి పట్టి, కొన్నేళ్లకు విరిగి పొడవుతుంది.

అండమాన్‌లో 2010 వేసవిలో ఇదే జరిగింది. దీవుల చుట్టూ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. 2016లో మళ్లీ అదే కథ. ఇది ఒక్క చోటి సంగతి కాదు. 2023 జనవరి నుంచి 2025 మార్చి మధ్య ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతం తెల్లబారేంత వేడిని చవిచూశాయి. ఇంతకుముందు ఎన్నడూ ఇంత ఎక్కువ లేదు. 2024లో మన లక్షద్వీప్ పగడాలూ ఆ దెబ్బ తిన్నాయి. అద్దం పడవలో వెళ్లినవాళ్లకు పచ్చటి పగడాల పక్కనే విరిగిపడిన బూడిద రంగు ముక్కల గుట్టలు కూడా కనిపిస్తాయి. పడవవాళ్లు సాధారణంగా అటు తీసుకెళ్లరు. కనిపించినప్పుడు మాత్రం పిల్లలకు చూపించి, అదేమిటో చెప్పడమే మంచిది.

దెబ్బలు భూమి లోపలి నుంచి కూడా వచ్చాయి. 2004 డిసెంబరు 26న నెల్లూరు తీరాన్ని తాకిన సునామీ అందరికీ గుర్తే. దానికి కారణమైన భూకంపం అండమాన్ దీవులను ఒకవైపు ఎత్తి, మరోవైపు కుంగదీసింది. ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల సముద్రపు అడుగు పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్ల బయట ఎండిపోయాయి. దక్షిణాన పోర్ట్‌బ్లెయిర్ పరిసరాల్లో నేల సుమారు మీటరు కుంగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది.

మనకెందుకు లేవు?

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. ఒకే సముద్రం కదా, నెల్లూరు తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవు? పగడాలకు కావలసినవి నాలుగు. వెచ్చదనం, ఉప్పదనం, పట్టుకుని నిలబడటానికి గట్టి రాయి, నాచుకు అందేంత ఎండ. మన దగ్గర వెచ్చదనానికి కొదవ లేదు. మిగతా మూడింటితోనే చిక్కు.

నెల్లూరు పక్కన పెన్న సముద్రంలో కలుస్తుంది. పైన కృష్ణ, గోదావరి, మహానది.. చివర్లో గంగ, బ్రహ్మపుత్ర. ఇన్ని నదులు మోసుకొచ్చే ఒండ్రు బంగాళాఖాతం పడమటి అంచున పరుచుకుంటుంది. వానాకాలం వెళ్లాక ఆ నదుల మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి జారుతూ వస్తుంది. దాంతో ఉప్పదనం తగ్గుతుంది, నీళ్లు మట్టిబారుతాయి. ఎండ కిందికి దిగదు. అడుగున ఉన్నదంతా కదిలే ఇసుక, బురద. అక్కడ పగడం పిల్ల దేన్ని పట్టుకుని నిలబడాలి? విశాఖ దగ్గర పూడిమడక తీరంలోలా నీటి కింద రాళ్లున్నచోట్ల మాత్రం అక్కడక్కడా పగడాలు కనిపించినట్టు 2020లో వార్తలొచ్చాయి. అండమాన్‌లో అంత పెద్ద నదులు లేవు. ఉన్న కాసిని వాగుల మట్టిని మడ అడవులు ఆపేస్తాయి. తేడా అక్కడే ఉంది.

అలాగని మన సముద్రం చిన్నబుచ్చుకోవలసిన పనేం లేదు. నీటిని మట్టిబార్చే ఆ ఒండ్రే మొలగొలుకులు పండించింది. నదులు తెచ్చే పోషకాలతోనే తీరంలో చేపలు, రొయ్యలు పెరుగుతాయి. నెల్లూరు చేపల పులుసుకు పేరొచ్చింది ఈ మట్టి నీళ్ల వల్లేనంటే అతిశయోక్తి కాదు. అండమాన్ నీళ్లు అద్దంలా ఉండటానికి కారణం వాటిలో పోషకాలు తక్కువగా ఉండటమే. ఆ పేదరికంలోనే పగడాలూ, నాచూ ఒకదాన్నొకటి ఆదుకుని ఇంత ఊరు కట్టుకున్నాయి. ఒక ఒడ్డుకు అన్నం, మరో ఒడ్డుకు అందం. రెండూ ఈ సముద్రానివే.

ఒక్క అడుగు చాలు

నిలువెత్తు దిబ్బను కట్టడానికి వందల ఏళ్లు పడుతుంది. విరగ్గొట్టడానికి ఒక్క అడుగు చాలు. నీళ్లలో దిగి, కాలు ఆనించడానికి చోటు దొరకక పగడం మీద నిలబడి ఫొటో దిగేవాళ్లు ఎక్కడికెళ్లినా కనిపిస్తారు. కొమ్మల పగడమైతే అక్కడికక్కడే పుటుక్కున విరుగుతుంది. విరక్కపోయినా పైనున్న మెత్తటి ప్రాణి నలిగిపోతుంది. పైగా పగడం గీసుకుంటే మన కాలికీ మానని పుండవుతుంది.

ఒంటికి రాసుకునే క్రీములతోనూ జాగ్రత్త అవసరం. ఎండ నుంచి కాపాడే కొన్ని క్రీముల్లోని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి, పలావు దేశం 2020 నుంచి వాటిని నిషేధించాయి. పొడుగు చేతుల చొక్కా, టోపీ ఉంటే క్రీము అవసరం సగం తగ్గుతుంది. చేపలకు బ్రెడ్డు ముక్కలు వేసే సరదా కూడా మానుకోవాలి. పాచి తిని పగడాన్ని శుభ్రంగా ఉంచాల్సిన చేపలు బ్రెడ్డు కోసం పడవల చుట్టూ తిరిగితే పగడం మీద పాచి పేరుకుపోతుంది.

వెళ్లాలనుకుంటే..

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. మే చివరికల్లా నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఏప్రిల్ నెలాఖరు దాటకుండా చూసుకుంటే మంచిది. చెన్నై నుంచి నేరుగా విమానాలున్నాయి. తీరిక ఉన్నవాళ్లకు చెన్నై, విశాఖల నుంచి ఓడలూ నడుస్తాయి. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం.

జాలీబాయ్‌కి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. రోజుకు ఇంతమందినే అని పరిమితి ఉంటుంది కాబట్టి కనీసం ముందురోజే తీసుకోవాలి. గుర్తింపు కార్డులు మరవొద్దు. సాధారణంగా సోమవారాలు సెలవు. దీవిలో తినడానికి ఏమీ దొరకదు. తిండి, నీళ్లు స్టీలు గిన్నెల్లో, సీసాల్లో తీసుకెళ్లాలి. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు ఉంటే సరి. పడవ ప్రయాణం పడనివాళ్లు వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. లైఫ్ జాకెట్ వద్దని మొండికేయకూడదు.

అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే శీతకాలంలో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. పొద్దున పెందలాడే వెలుగొస్తుంది. త్వరగా లేచే తాతయ్యలకు ఈ ఊరు తెగ నచ్చేస్తుంది. జాలీబాయ్ కుదరకపోతే నార్త్‌బే ఉంది. హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) వెళ్లేవాళ్లకు ఎలిఫెంట్ బీచ్‌లోనూ పగడాలు కనిపిస్తాయి. ఈత, స్నార్కెలింగ్ అనుమతించిన చోట గైడు వెంట ఉంటేనే నీళ్లలోకి దిగాలి.

సంచి ఖాళీగా రావాలి

ఏ ఊరెళ్లినా గుర్తుగా ఏదో ఒకటి తెచ్చుకోవడం మనకు అలవాటు. తిరుపతి నుంచి లడ్డూ, రామేశ్వరం నుంచి శంఖం. పగడాల దీవి నుంచి మాత్రం ఏమీ తేకూడదు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్క అయినా సరే. పులికి ఉన్న రక్షణే 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలకూ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని దగ్గర ఉంచుకుంటే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం స్కానర్ కింద పిల్లల బ్యాగులోంచి తెల్లటి ముక్క బయటపడితే అమ్మానాన్నలే సంజాయిషీ చెప్పుకోవాలి.

చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ముక్కకు అక్కడ పని ఉంది. ఒడ్డున ఇసుక అవ్వాలి. నీళ్లలో ఉంటే రేపు ఓ పగడం పిల్ల దాన్ని పట్టుకుని నిలబడాలి. ఇంటి షోకేసులో దానికే పనీ లేదు.

తెచ్చుకోదగ్గది ఒకటుంది. వండూర్ రేవులో నేర్చుకున్న సోదా. స్టీలు సీసాలో నీళ్లు, డబ్బాలో తిండి, చెత్త మళ్లీ సంచిలోకే. ఒక్క పూట దీవి కోసం పాటించగలిగినవాళ్లు వచ్చే కార్తీకమాసంలో మైపాడు ఇసుక మీదా పాటించగలరు. అక్కడ సంచులు విప్పి చూసే అటవీ సిబ్బంది ఉండరు, అంతే తేడా. మైపాడులో వదిలేసిన కవరు కూడా చేరేది ఈ సముద్రంలోకే.